సమాచార రక్షణ: రెండవ ప్రతి ఎచ్చట నుండవలెను?

తిరుపతి నుండి చిత్తూరు పోవు దారిలో గాదంకి యను గ్రామము కలదు. అచ్చట జాతీయ వాతావరణ పరిశోధనశాల యున్నది. 1992లో ఎం.ఎస్.టి. రాడార్ కేంద్రముగా స్థాపితమైన ఈ సంస్థ 2005 నుండి ఈ పేరుతో పనిచేయుచున్నది. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పు గల మైదానములో 1024 యాగీ ఆంటెన్నాలను వరుసలు తీర్చి నిలిపినారు. అవి సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనములు గల రేడియో తరంగములను ఆకాశమునకు పంపును. పైనున్న గాలి పొరలలోని అలజడి వలన ఆ తరంగములలో మిక్కిలి స్వల్పమైన భాగము వెనుకకు మరలి వచ్చును. ఆ ప్రతిధ్వనిని బట్టి ఏ ఎత్తున గాలి ఏ దిక్కునకు ఎంత వేగముతో కదలుచున్నదో లెక్క కట్టుదురు.

ఇట్టి చోట యంత్రము చెడినచో బాగుచేయవచ్చును. ఆంటెన్నా విరిగినచో దాని స్థానమున మరియొకటి నిలుపవచ్చును. కాని గడచిపోయిన ఒక తుపాను రాత్రి మన తలలపై గాలి యెట్లు వీచెనో మరల కొలుచుట యెవ్వరికిని సాధ్యము కాదు. ఆ రాత్రి నమోదైన అంకెలు పోయినచో శాస్త్రమునకు ఆ రాత్రి లేనట్లే. రసాయనశాలలో ప్రయోగము చెడినచో మరల చేయుదుము; ప్రకృతి పరిశీలనమునకు అట్టి అవకాశము లేదు.

ఈ మాట వాతావరణ శాస్త్రమునకే పరిమితము కాదు. ఆసుపత్రిలో రోగికి గత ఐదేండ్లలో చేసిన రక్తపరీక్షల ఫలితములు, విశ్వవిద్యాలయములోని మార్కుల పట్టికలు, పాలకేంద్రమున రైతు పోసిన పాల లెక్క, రెవిన్యూ కార్యాలయములోని భూమి పత్రములు - ఇవన్నియు ఒకసారి జరిగిన సంగతులకు సాక్ష్యములు. కంప్యూటరు పోయినచో డబ్బుతో మరియొకటి వచ్చును. సాక్ష్యము పోయినచో రాదు. కావుననే ప్రతి సంస్థయు తన సమాచారమునకు మరియొక ప్రతిని ఉంచుకొనవలెను. దీనిని ఆంగ్లమున 'బాకప్' అందురు. మనము 'రక్షణ ప్రతి' యందము. నేడు ఈ పనికై సంస్థలు విరివిగా వాడు సాధనము 'నాస్' అను పేటిక. అది పనిచేయు విధమును, అది కాపాడగల అపాయములను, కాపాడలేని అపాయములను ఈ వ్యాసమున తెలిసికొందము.

ఉమ్మడి గాదె వంటి పేటిక

'నెట్‌వర్క్ అటాచ్డ్ స్టోరేజి' అను ఆంగ్లపదముల మొదటి అక్షరములను కూర్చిన పేరు 'నాస్'. కంప్యూటర్లను కలుపు తీగల వలకు తగిలించిన నిలువ స్థానమని దీని యర్థము. సాధారణముగా డిస్కు ఒక కంప్యూటరు లోపల నుండును; ఆ కంప్యూటరు ఆపివేసినచో అందలి సమాచారము ఇతరులకు అందదు. ఇది ఎవరి గింజలు వారి కుండలో దాచుకొనుట వంటిది. నాస్ ఉమ్మడి గాదె వంటిది. దానికి తనదైన చిన్న కంప్యూటరు, రెండు మొదలు పన్నెండు వరకు, అంతకు మించియు డిస్కులు, వలకు కలుపుటకు ఒక తీగ యుండును. కార్యాలయములోని కంప్యూటర్లన్నియు ఆ తీగ ద్వారా దానిని అడిగి ఫైళ్లను పెట్టుకొనును, తీసికొనును. ఎవరికి ఏ అరను తెరచు హక్కు కలదో ఆ పేటికయే చూచుకొనును.

ఈ సౌకర్యము ఒక్కనాట రాలేదు. 1956లో ఐ.బి.ఎం. సంస్థ నిర్మించిన మొదటి డిస్కు యంత్రములో రెండడుగుల వ్యాసము గల పలకలు 50 ఉండెడివి. అన్నియు కలిసి పట్టినది 50 లక్షల అక్షరములు మాత్రమే. నేడు అరచేతిలో ఇముడు ఒక డిస్కు 20 టెరాబైట్లు పట్టును. ఒక టెరాబైటనగా లక్ష కోట్ల అక్షరములు. లెక్క వేసినచో ఈ డిస్కు ఆ పాత యంత్రమునకు 40 లక్షల రెట్లు. 1973లో జిరాక్స్ పరిశోధనశాలలో రూపొందిన ఈథర్నెట్ కంప్యూటర్లను తీగతో కలుపు మార్గమును చూపినది. 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ, దూరముననున్న యంత్రములోని ఫైలును తన దానివలెనే తెరచి చదువుటకు వలయు నియమములను రూపొందించినది. ఈ మూడును కలిసినదే నాస్.

ఒక డిస్కు చెడినను సమాచారము నిలుచు రహస్యము

డిస్కు లోపల పలకలు నిమిషమునకు వేలసార్లు తిరుగుచుండును. ఏనాటికైనను అరిగి చెడవలసినదే. అందుచేత నాస్‌లోని డిస్కులను ఒకదాని కొకటి తోడుగా నుండునట్లు అమర్చుదురు. ఈ అమరికకు 'రెయిడ్' అని పేరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ శాఖకు చెందిన డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, రాండీ కట్జ్ అనువారు 1988లో ప్రకటించిన పత్రము దీనికి పేరును, క్రమమును కల్పించినది.

దీని సూత్రము ఉన్నత పాఠశాల విద్యార్థికిని సులభముగా బోధపడును. కంప్యూటరులో సమస్త సమాచారము 0, 1 అను రెండు గుర్తులతోనే యుండునని మనకు తెలియును. మూడు డిస్కులలో ఒకే వరుసన 1, 0, 1 అను గుర్తులున్నవనుకొందము. నాలుగవ డిస్కులో ఒక సాక్షి గుర్తును వ్రాయుదుము. నాలుగింటి మొత్తము ఎల్లప్పుడు సరిసంఖ్య కావలెనను నియమము పెట్టుకొందము. ఇచ్చట మొత్తము 2, అది సరిసంఖ్యయే, కావున సాక్షి 0. తరువాతి వరుసలో 1, 1, 1 ఉన్నచో మొత్తము 3, బేసిసంఖ్య. కావున సాక్షి 1.

ఇప్పుడు రెండవ డిస్కు చెడిపోయినది. రెండవ వరుసలో మనకు మిగిలినవి 1, 1, సాక్షి 1. మొత్తము 3. ఇది సరిసంఖ్య కావలెనన్నచో పోయిన గుర్తు 1 అయి తీరవలెను. మొదటి వరుసలో మిగిలినవి 1, 1, సాక్షి 0. మొత్తము సరిసంఖ్యయే, కావున పోయినది 0. ఈ విధముగా ఒక్కొక్క వరుసను లెక్కించుచు, కొత్త డిస్కు పెట్టగానే పేటిక పోయిన దానినంతను తిరిగి వ్రాసికొనును. నాలుగు టెరాబైట్ల డిస్కులు నాలుగు పెట్టినచో 12 టెరాబైట్లు మన వాడుకకు వచ్చును. ఒక డిస్కు పాటి స్థలము సాక్షులకు పోవును. నిజమైన పేటికలలో సాక్షి గుర్తులను ఒకే డిస్కులో గాక అన్నింటికిని పంచి వ్రాయుటయు కలదు. సూత్రము మాత్ర మిదియే.

ఐతే ఈ పునర్లేఖనమునకు కాలము పట్టును. 20 టెరాబైట్ల డిస్కును సెకనుకు 200 మెగాబైట్ల వేగముతో నింపుటకు లక్ష సెకన్లు, అనగా సుమారు 28 గంటలు కావలెను. ఆ లోపల రెండవ డిస్కు చెడినచో పై విధమున లెక్క కుదరదు. రెండు తెలియని రాసులను ఒకే సమీకరణముతో సాధింపలేము గదా! అందుచేత పెద్ద పేటికలలో రెండు విధములైన సాక్షులను వ్రాసి, రెండు డిస్కులు చెడినను నిలుచు ఏర్పాటు చేయుదురు.

రెయిడ్ రక్షణ ప్రతి కాదు

ఇచ్చటనే చాలమంది పొరపడుదురు. డిస్కు చెడినను సమాచారము పోదు గనుక ఇక భయము లేదని తలంతురు. కాని రెయిడ్ కాపాడునది డిస్కు చెడుట యను ఒకే ఒక అపాయము నుండి. ఒక గుమాస్తా చేయి తప్పి ఒక సంవత్సరపు లెక్కల ఫైలును చెరిపివేసెననుకొందము. పేటిక ఆ యాజ్ఞను నమ్మకముగా అన్ని డిస్కులపైనను అమలుజరుపును. సాక్షి గుర్తులు కూడ కొత్త స్థితికి తగినట్లు మారిపోవును. పిడుగుపాటు వలన తీగలలో విద్యుత్తు ఉప్పొంగినచో డిస్కులన్నియు ఒకేసారి దెబ్బతినవచ్చును. గది కాలినచో పేటికయే యుండదు.

చెరిపివేత నుండి కాపాడుటకు నాస్‌లో 'స్నాప్‌షాట్' అను ఏర్పాటు కలదు. గంటకో, దినమునకో ఒకసారి పేటిక తన లోపలి స్థితిని గుర్తు పెట్టుకొనును. అటు తరువాత ఏ భాగము మారినను పాతదానిపై వ్రాయక, కొత్తచోట వ్రాసి, పాతదానిని అట్లే యుంచును. కావున నిన్నటి స్థితికి పోవలెనన్నచో పోవచ్చును. మారిన భాగములకే స్థలము కావలసియుండుటచే దీనికగు వ్యయము స్వల్పము. ఐనను పాత స్థితియు, కొత్త స్థితియు ఒకే డిస్కులలో నుండునను సంగతి మరువరాదు.

ఒక చిన్న లెక్క

ఈ విషయమును సంభావ్యతా గణితము స్పష్టముగా చూపును. లెక్క సౌలభ్యమునకై, ఒక డిస్కు ఒక సంవత్సరములో చెడు అవకాశము 50లో 1 అనుకొందము. రెండు డిస్కులలో రెండు ప్రతులుంచి, ఒకటి చెడుటకు మరియొకటి చెడుటకు సంబంధము లేదన్నచో, రెండును ఆ సంవత్సరమే చెడు అవకాశము 50ని 50తో గుణింపగా 2,500లో 1. మూడు ప్రతులున్నచో 1,25,000లో 1. అపాయము ఎంత వేగముగా తగ్గినదో చూడుడు.

కాని ఈ మూడును ఒకే గదిలో నున్నవి. ఆ గది కాలిపోవు అవకాశము 500లో 1 అనుకొందము. ఇప్పుడు ఆ గదిలో మూడు ప్రతులు గాదు, ముప్పది ప్రతులుంచినను సమాచారము పోవు అవకాశము 500లో 1కి దిగువకు రాదు. ఒక ప్రతిని మరియొక ఊరిలోని గదికి మార్చినచో, రెండు గదులును కాలు అవకాశము 2,50,000లో 1 యగును. గుణకారము స్వతంత్రములైన సంఘటనలకే చెల్లును గాని, ఒకే కారణముతో కలిసి జరుగు వానికి చెల్లదు. ఈ గణిత సూత్రమే సమాచార రక్షణ కంతకు మూలము. ప్రతులు ఎన్ని యని యడుగుటకు ముందు, వానిని ఒకే అపాయము తాకగలదా యని అడుగవలెను.

జరిగిన సంగతులు

ఇది కేవలము లెక్కల మాట కాదు. పూర్వపు చిత్తూరు జిల్లాలోని మదనపల్లెలో 2024 జులై 21 రాత్రి సబ్-కలెక్టరు కార్యాలయములో అగ్ని చెలరేగి, భూములకు సంబంధించిన ఫైళ్లు పెక్కు కాలిపోయినవి. ఇట్లు ఒక కార్యాలయములో ఫైలు నశించినచో, దాని ప్రతి మరియొక కార్యాలయమున ఎక్కడనైనను కలదా యని వెదకుటయే శరణ్యము. ప్రతి ఉన్నచోట రైతు హక్కునకు ఆధారము మిగులును, లేనిచోట మిగులదు.

కాగితము గనుక కాలినది, కంప్యూటరైనచో ఈ భయము లేదనుటకు వీలులేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజన్ నగరమున, ప్రభుత్వ సమాచార కేంద్రములో బ్యాటరీల నుండి మంటలు లేచినవి. ప్రభుత్వోద్యోగులు తమ ఫైళ్లను దాచుకొను ఉమ్మడి నిధి అందులో నుండెను. దాని పరిమాణము 858 టెరాబైట్లు. అది మిక్కిలి పెద్దదగుటచే వెలుపల ప్రతి యుంచలేదు. అది కాలిపోయినది. సాంకేతిక విద్యలో అగ్రగామియైన దేశమున కూడ ఒకే చోట నున్న సమాచారము ఒకే మంటకు ఆహుతియైనది.

మూడవది అగ్ని కాదు, దోపిడి. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ కంప్యూటర్లపై 'రాన్సమ్‌వేర్' దాడి జరిగినది. ఇది ఫైళ్లను దొంగిలించుకొని పోనక్కరలేదు. వానిని రహస్య లిపిలోనికి మార్చి, తాళపుచెవికై ధనమడుగు దుష్ట ప్రోగ్రాము. సుమారు 1.3 టెరాబైట్ల సమాచారము ఇట్లు మారిపోయినది. రెండు వారముల పాటు రోగుల పేర్లు నమోదు మొదలుకొని పెక్కు పనులను చేతివ్రాతతో సాగింపవలసి వచ్చినది. కాని దాడికి లోనుకాని ఒక రక్షణ సర్వరు మిగిలియుండెను. దాని నుండియే సమాచారమును కొత్త సర్వర్లలోనికి ఎక్కించిరని ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపినది.

ఈ మూడింటిలో మొదటి రెండు చెప్పునది స్థలమును గూర్చి; మూడవది చెప్పునది సంబంధమును గూర్చి. నాస్ వలకు తగిలియుండును. ఏ కంప్యూటరు దానిలో వ్రాయగలదో ఆ కంప్యూటరులో చొరబడిన దుష్ట ప్రోగ్రామును దానిలో వ్రాయగలదు. కావున ఒక్క ప్రతియైనను వల నుండి విడివడి యుండవలెను, లేదా వ్రాసిన పిమ్మట నిర్ణీత కాలము వరకు ఎవ్వరును, యజమాని సైతము, మార్పలేని విధమున నుండవలెను.

పూర్వులు చేసిన పని

ప్రతి వ్రాయుట మన ప్రాంతమునకు కొత్త విద్య కాదు. తిరుమల ఆలయమును పదమూడవ శతాబ్దమున యాదవరాయల కాలములో పునర్నిర్మించినపుడు, పాత గోడలపైనున్న దాన శాసనములను కొత్త గోడలపై మరల చెక్కించిరి. ఏ దీపమునకు ఎవరు ఏమి ఇచ్చిరో తెలుపు లెక్క గోడతోపాటు పోరాదని వారి యుద్దేశము. పాత నిలువ పోవుటకు ముందే కొత్త నిలువకు మార్చుట యను ఈ నియమము నేటి నాస్‌కును వర్తించును. డిస్కు చెడిన తరువాత గాదు, చెడకముందే మార్పవలెను.

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనములు మరియొక ఉదాహరణము. ఆయన 1503లో పరమపదించిన పిమ్మట వంశీయులు ఆ పాటలను రాగిరేకులపై చెక్కించి ఆలయములోని సంకీర్తన భాండారమున భద్రపరచిరి. తాటాకును పురుగు తినును, రాగిని తినదు. శతాబ్దముల పాటు మరుగుననున్న ఆ రేకులు 1922లో వెలుగులోనికి వచ్చినవి. అన్నమయ్య రచించినవి 32,000 అని ప్రతీతి. నేడు దొరకుచున్నవి అందులో సగమునకు లోపే. రాగి యెంత గట్టిదైనను, చేతికి దొరకని రేకుపైనున్న పాటకు మరియొక ప్రతి లేనిచో అది మనకు లేనట్లే. దొరకిన పాటలను తరువాత దేవస్థానము అచ్చు వేయించుటతో అవి వేల యిండ్లకు చేరినవి. ఇప్పుడు ఏ యొక్క ప్రమాదమును వానిని మాపజాలదు.

సంస్థ చేయవలసిన ఏర్పాటు

అమెరికా ఛాయాచిత్రకారుడు పీటర్ క్రోఘ్ ప్రచారములోనికి తెచ్చిన '3-2-1' అను సూత్రమును ఇప్పుడు అర్థము చేసికొనుట సులభము. మూలముతో కలిపి మూడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములపై నుండవలెను. అందులో ఒకటి వేరొక చోట నుండవలెను. తిరుపతిలోని ఒక ఆసుపత్రిని ఊహింతము. మొదటి ప్రతి దాని సర్వరులో నుండును. రెండవది అదే భవనములోని నాస్‌లో నుండును. మూడవది చిత్తూరులోని మరియొక భవనమున, అయస్కాంతపు టేపు మీదనో, వల నుండి విడదీసిన డిస్కు మీదనో యుండును.

ప్రతి దినము సర్వస్వమును వ్రాయనక్కరలేదు. మొదట ఒకసారి అంతయు వ్రాసి, అటు తరువాత దినదినము మారిన భాగమును మాత్రమే వ్రాయుదురు. ఆసుపత్రి సమాచారము 10 టెరాబైట్లనియు, దినమునకు 20 గిగాబైట్లు మారుననియు అనుకొందము. భవనములోని వల సెకనుకు 100 మెగాబైట్లు మోయును. మొదటి ప్రతికి సుమారు 28 గంటలు పట్టును. దినదినపు మార్పునకు 200 సెకన్లు, అనగా మూడు నిమిషములకు కొంచెము పైన చాలును.

మరి చిత్తూరు ప్రతి? ఊరి నుండి ఊరికి సెకనుకు 50 మెగాబిట్లు మోయు ఇంటర్నెట్టు తీగ యున్నదనుకొందము. ఎనిమిది బిట్లు ఒక బైటు. 10 టెరాబైట్లు పంపుటకు 16 లక్షల సెకన్లు, అనగా 18 దినములకు పైగా పట్టును. అదే డిస్కును సంచిలో వేసికొని తిరుపతిలో బస్సెక్కినచో రెండు గంటలలో చిత్తూరు చేరవచ్చును. వేగము లెక్కించినచో బస్సు ఆ తీగకు 200 రెట్లు మించును! కావున మొదటి ప్రతిని మనిషి చేత పంపి, పిమ్మట దినమునకు 20 గిగాబైట్ల మార్పును తీగ మీద పంపుట తెలివైన పని. అందుకు 53 నిమిషములు చాలును; రాత్రి వేళ జరిగిపోవును. మార్గమధ్యమున ఇతరులు చదువకుండునట్లు ఆ సమాచారమును రహస్య లిపిలోనికి మార్చి పంపవలెను. డిస్కు బస్సులో పోయినను ఈ జాగ్రత్త వలయును.

స్థలమును ఎన్నుకొనుటలోను ఆలోచన వలయును. 2021 నవంబరు వానలకు తిరుపతిలో వీథులు, నేలమట్టపు గదులు నీట మునిగినవి. నాస్ పేటికను నేల అంతస్తులో గాక పై అంతస్తులో నుంచుట, విద్యుత్తు పోయినపుడు వ్రాత మధ్యలో ఆగిపోకుండ బ్యాటరీ ఆధారము కల్పించుట, ఆ బ్యాటరీని పేటిక ప్రక్కనే పెట్టకుండుట - ఇవి పెద్ద ఖర్చు లేని జాగ్రత్తలు. ఒకే వాయుగుండము తిరుపతిని, చిత్తూరును గూడ తడుపవచ్చును. కాని ఒకే మంట రెంటిని కాల్చదు. మిక్కిలి విలువైన సమాచారమునకు ఇంకను దూరమున నాలుగవ ప్రతి యుంచుట మేలు.

రెండు ప్రశ్నలకు సంస్థ ముందుగానే సమాధానము చెప్పుకొనవలెను. ప్రమాదము జరిగినచో ఎంతకాలపు పనిని పోగొట్టుకొనుటకు సిద్ధము? ఎంత కాలములోపల మరల పని మొదలిడవలెను? దినమునకు ఒకసారి ప్రతి వ్రాసినచో, గరిష్ఠముగా ఒక దినపు పని పోవును. పాఠశాలకు అది చాలవచ్చును, ఆసుపత్రికి చాలదు. సమాధానమును బట్టి ప్రతి వ్రాయు వేళలును, వ్యయమును నిర్ణయమగును.

ప్రతి సరిగా నున్నదా?

ప్రతి వ్రాయుటతో పని ముగియదు. పూర్వము వ్రాయసకాడు నిదురమత్తులో ఒక పాదము విడిచినట్లే, డిస్కులోను ఒక గుర్తు తారుమారు కావచ్చును. దానిని కనిపెట్టుటకు ఫైలు నుండి ఒక సరిచూపు సంఖ్యను లెక్కించి వేరుగా వ్రాసి యుంచుదురు. గణితోపాధ్యాయులు చెప్పు తొమ్మిదుల తీసివేత వంటిదే యిది. 4826లోని అంకెల మొత్తము 20. మరల కూడగా 2. ప్రతిలో అది 4836గా పడినచో 21, మరల 3, తప్పు దొరకినది. కాని 4286గా పడినచో మొత్తము మారదు, తప్పు దొరకదు. కావున కంప్యూటర్లలో అంకెల స్థానములను గూడ లెక్కలోనికి తీసికొను కఠినమైన పద్ధతులను వాడుదురు. ఎస్.హెచ్.ఎ.-256 అను పద్ధతి, ఫైలు ఎంత పెద్దదైనను, 256 బిట్ల సంఖ్య నొకదానిని ఇచ్చును. ఫైలులో ఒక్క గుర్తు మారినను ఆ సంఖ్య గుర్తుపట్టరానంతగా మారిపోవును. మంచి నాస్ పేటికలు ఇట్టి సంఖ్యలను తామే లెక్కించి, అప్పుడప్పుడు అన్ని ఫైళ్లను సరిచూచుకొనును.

అన్నింటికంటె ముఖ్యమైన పరీక్ష మరియొకటి కలదు. అది ప్రతి నుండి సమాచారమును నిజముగా వెనుకకు తెచ్చి చూచుట. నెలల తరబడి వ్రాసిన ప్రతి, అవసరము వచ్చిన నాడు తెరచుకొనకపోవచ్చును. తాళపుచెవి వంటి రహస్యపదము ఎవరికిని జ్ఞాపకముండకపోవచ్చును. ముఖ్యమైన ఒక ఫోల్డరును మొదటి నుండియు చేర్చియే యుండకపోవచ్చును. అగ్నిమాపక దళము మంట లేనప్పుడే అభ్యాసము చేసినట్లు, సంస్థయు ప్రమాదము లేనప్పుడే ఈ అభ్యాసము చేయవలెను.

ఉన్నత పాఠశాలలో దీనిని ఒక గంటలో చేసి చూపవచ్చును. మార్కుల పట్టిక నొకదానిని తీసికొని, దాని ఎస్.హెచ్.ఎ.-256 సంఖ్యను నల్లబల్లపై వ్రాయుడు. ఆ పట్టికను పెన్ డ్రైవులోనికి ప్రతి వ్రాసి, ఇంతకుముందు దానిని చూడని కంప్యూటరులో తెరచి, ఆ సంఖ్యను మరల లెక్కింపుడు. తరువాత ఒక విద్యార్థి ఒకే ఒక మార్కును మార్చి మూడవసారి లెక్కింపవలెను. మొదటి రెండు సంఖ్యలు ఒకటిగను, మూడవది పూర్తిగా వేరుగను వచ్చినచో పాఠము పూర్తియైనది. ఆ పెన్ డ్రైవును మరల అదే బీరువాలో పెట్టక, ప్రధానోపాధ్యాయుని యనుమతితో వేరొక భవనమున భద్రపరచినచో, పాఠశాలకు మొదటి రక్షణ ప్రతియు సిద్ధమైనట్లే.